హేవ్‌లాక్ వంతెన కథ చెప్పేవాళ్లు ఉండగానే రాసుకోండి

సంపాదకులకు నమస్కారం.

మా రాజమండ్రి పాత రైలు వంతెన హేవ్‌లాక్‌ను పర్యాటకుల కోసం ముస్తాబు చేయడం మీద పది రోజుల కిందట మీరు వేసిన కథనం చదివాను. కోపంలో రాయకూడదని ఆగాను. కోపం తగ్గలేదు, అందుకని ఇప్పుడు రాస్తున్నాను. రంగుల దీపాలు ఎక్కడ పెడతారు, తినుబండారాల దుకాణాలు ఎక్కడ వస్తాయి, ఫొటోలు ఎక్కడ దిగొచ్చు అన్నీ అరపేజీ నిండా ఉన్నాయి. ఆ వంతెన మీద పనిచేసిన మనుషుల గురించి ఒక్క ముక్క లేదు.

1897లో పని మొదలై, 1900లో రైళ్లు నడవడం మొదలై, 1997 దాకా మద్రాసు, హౌరా బళ్లను మోసిన వంతెన అది. 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు పెట్టారు. ఇవి పుస్తకాల్లో ఉన్నాయి, ఎక్కడికీ పోవు. పోయేవి వేరే ఉన్నాయి.

మా నాన్నగారు ఆ వంతెన మీద కీమన్, అంటే రోజూ పట్టాల బిగింపులు చూసే కార్మికుడు. తెల్లవారకముందే సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరేవారు. బిగింపులను సుత్తితో కొడుతూ నడిచేవారు. ఏది వదులైందో మోతను బట్టే తెలిసిపోతుందనేవారు. బండి వస్తే పక్కనున్న చిన్న అరలోకి తప్పుకోవాలి. కిటికీల్లోంచి జనం గోదారమ్మకు వేసే చిల్లర నాణేలు గర్డర్లకు తగిలి గలగలమనేవట. ఒకసారి ఒక నాణెం ఆయన కనుబొమ్మ మీద తగిలి చీరుకుపోయింది. ఆ మచ్చ చివరిదాకా ఉంది.

1986 ఆగస్టు వరద సంగతి మీ కథనంలో అసలే లేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. నాన్నగారు మూడు రోజులు ఇంటికి రాలేదు. స్తంభాల మీది గీతలు చూసి నీరెంత పెరిగిందో గంట గంటకూ చెప్పాలి. ఇళ్ల కప్పులు, గడ్డివాములు, పశువులు కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడ్డామని చెబుతూ, అంత గట్టి మనిషీ అక్కడ ఆగిపోయేవారు. ఆ వరద ఎంత ఎత్తుకొచ్చిందో చూపించే ఒక గీత, పక్కన నాలుగు మాటలు వంతెన మొదట్లో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

పోయిన పుష్కరాల ముందు, ఊరి చరిత్ర ఫొటోలు సేకరిస్తున్నాం ఇవ్వండి అంటే నమ్మి, నాన్నగారు తోటి గ్యాంగ్ వాళ్లతో వంతెన మీద దిగిన ఫొటోలు మూడు తీసుకెళ్లి ఒక కార్యాలయంలో ఇచ్చాను. రసీదు అడిగితే ఫైల్లో ఉంటాయి లెండి అన్నారు. ఆరు నెలల తర్వాత వెళ్తే ఆ సారు బదిలీ అయ్యారన్నారు. ఫైలు ఏ సెక్షన్లో ఉందో ఎవరికీ తెలియదు. నాలుగుసార్లు తిరిగాను. ఆ ఫొటోలకు నకళ్లు లేవు. ఇలా ఇంకెంతమంది ఇచ్చి పోగొట్టుకున్నారో!

పుష్కరాలు వచ్చిన ప్రతిసారీ మెట్లు కొత్తవవుతాయి, రంగులు కొత్తవవుతాయి. రేవు అనే మాటే పోయి అన్నీ ఘాట్లయ్యాయి. 2015లో ఊరికి రాజమహేంద్రవరం అని పాత పేరు తిరిగి పెట్టారు, సంతోషం. ఆ రాజరాజ నరేంద్రుడు ఎవరో, నన్నయ ఈ ఊళ్లో ఏం చేశాడో బయటినుంచి వచ్చినవాళ్లకు చెప్పే బోర్డులు రాసేటప్పుడైనా తెలుగు తెలిసినవాళ్లకు చూపించరు. ఒత్తులు, దీర్ఘాలు తప్పులు. కందుకూరి వారి ఊళ్లో ఇది చూడలేకపోతున్నాను. 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఈ ఊళ్లోనే ఉంది. తప్పులు దిద్దేవాళ్లు ఒక్క ఫోను దూరంలో ఉన్నారు.

అఖండ గోదావరి పేరుతో పర్యాటక ప్రాజెక్టుకు 2025లో శంకుస్థాపన జరిగింది. 2027 పుష్కరాల హడావుడి మొదలైంది. వంతెనకు దీపాలు పెట్టొద్దని నేననను. పిల్లలు సాయంత్రం నడవడానికి వస్తే నాకూ ఆనందమే. దాంతోపాటు ఒక్క గది కట్టండి. పాత రైల్వే కార్మికులు, లాంచీ డ్రైవర్లు, అటు కొవ్వూరు వైపు పెద్దలు చెప్పేది రికార్డు చేసి అందులో వినిపించండి. 1974లో రోడ్డు, రైలు నడిచే వంతెన వచ్చేదాకా కొవ్వూరు వెళ్లాలంటే రైలు, లేదంటే లాంచీ. ఎర్రనీళ్లొచ్చిన రోజుల్లో లాంచీ ఆగిపోతే పెళ్లివారు రేవులోనే రాత్రంతా ఎలా గడిపారో చెప్పేవాళ్లు ఇంకా కొందరున్నారు.

నాన్నగారితో పనిచేసినవాళ్లలో నాకు తెలిసి ఇద్దరే మిగిలారు. ఒకరు కొవ్వూరులో, ఒకరు ధవళేశ్వరంలో. పెద్దాయనకు ఎనభై ఏడేళ్లు. చూపు తగ్గింది కానీ ఏ ఖానా దగ్గర ఏం జరిగిందో నంబరుతో సహా చెబుతారు. మీ విలేకరిని పంపితే నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తాను. ఉదయం పదిలోపు రమ్మనండి, ఆ తర్వాత ఆయన మాట్లాడలేరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాజమహేంద్రవరం