మంత్రిగారూ, టీచర్ల చేత పొగడ్తలు రాయించకండి, పిల్లల చేత ఉత్తరాలు రాయించండి

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను అనకాపల్లి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు విద్యా కమిటీ సభ్యురాలిని. మా పిల్లలిద్దరూ ప్రభుత్వ బడిలోనే చదువుతున్నారు. సెప్టెంబర్ 5 గురుపూజోత్సవం ఏర్పాట్ల గురించి మీ శాఖ నుంచి ఉత్తర్వులు బయలుదేరక ముందే నాలుగు మాటలు చెప్పుకుందామని ఈ లేఖ రాస్తున్నాను.

ముందు అవార్డుల సంగతి. జాతీయ ఉపాధ్యాయ అవార్డుకు 2018 నుంచి టీచర్లు ఎవరికి వారే ఆన్‌లైన్‌లో నామినేట్ చేసుకోవాలి. ఎంపికైతే యాభై వేల రూపాయలు, వెండి పతకం, ప్రశంసాపత్రం వస్తాయి. సిఫార్సులు తగ్గాలన్న ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ అక్కడైనా, జిల్లా, రాష్ట్ర అవార్డుల దగ్గరైనా చివరికి మాట్లాడేది ఫైలే. ఫొటోలు, పేపర్ కటింగులు, సర్టిఫికెట్ల జిరాక్సులు అన్నీ కలిపి స్పైరల్ బైండింగ్ చేయించుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవాళ్లకే ఆ దారి.

మా ఊరి ప్రైమరీ స్కూల్లో పనిచేసి, బదిలీ మీద వెళ్లిపోయిన ఒక టీచరమ్మ ఉన్నారు. రెండో తరగతిలో ఒక పిల్లాడిని అందరూ మొద్దు అనేవాళ్లు. వాడు బోర్డు వైపు చూడకుండా ఎప్పుడూ పక్కవాడి నోటుబుక్కులో చూసి రాస్తున్నాడని ఆవిడ కనిపెట్టారు. ఒక శనివారం సాయంత్రం తల్లిని వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అద్దాలు వచ్చాయి, చదువూ వచ్చింది. అవార్డుకి అప్లై చేయండి మేడమ్ అని మేం పట్టుబడితే, "నేను మంచిదాన్నని నేనే రాసుకుని, దానికి నా ఫొటోలు నేనే అంటించుకోవాలా? నావల్ల కాదమ్మా" అని నవ్వేశారు. ఆ కళ్లద్దాల ముచ్చట ఏ దరఖాస్తులో ఏ కాలమ్‌లో పడుతుందో మీరే చెప్పండి. అది తెలిసింది ఆ పిల్లాడికీ, వాళ్లమ్మకీ, వీధిలో నలుగురికీ. అడగాల్సింది వాళ్లని కదా?

అందుకే నా మొదటి విన్నపం. మన రాష్ట్రం ఇచ్చే అవార్డుల వరకైనా టీచర్ల దరఖాస్తులు ఆపేయండి. పేర్లు ప్రతిపాదించే పని పాత విద్యార్థులకూ విద్యా కమిటీలకూ ఇవ్వండి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. ఎవరు ఎలా చెబుతున్నారో మాకు తెలుసు, ఎవరు క్లాసులో ఫోను చూస్తూ కూర్చుంటారో కూడా తెలుసు. ఊళ్లో రాజకీయాలు దూరవా అంటే, దూరతాయి. అందుకే మేం పేరు చెప్పాక మీ అధికారులు వచ్చి పిల్లలతో మాట్లాడి సరిచూసుకోవాలి. ఫైలు తిరగేయడం కన్నా అది కష్టమే, కానీ నమ్మకం కుదిరేది దానితోనే.

రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు కాబట్టి ఆయన సంగతే చెబుతాను. 1921లో ఆయన మైసూరు మహారాజా కాలేజీ వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్లేటప్పుడు, విద్యార్థులు బండిని పూలతో అలంకరించి, గుర్రాలు లేకుండా తామే రైల్వే స్టేషన్ దాకా లాక్కెళ్లారు. దానికి ఏ జీవో వచ్చిందని? ఏ కమిటీ తీర్మానించిందని? ఆ తర్వాత పదేళ్లకు ఆయన మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. ఇప్పుడు మీరు పిల్లలకిచ్చే బ్యాగులు, బూట్ల కిట్టుకు కూడా ఆయన పేరే పెట్టారు.

ఇక బళ్లలో జరిగే వేడుక. స్వపరిపాలన దినోత్సవం బాగుంటుంది, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. పెద్ద క్లాసు ఆడపిల్లలు అమ్మల చీరలు కట్టుకుని, చేతిలో చాక్‌పీస్ పట్టుకుని ఆరో తరగతి వాళ్లను గదమాయిస్తుంటే చూడాలి. సాయంత్రానికి గొంతు పోయి "రోజూ ఎలా అరుస్తారో మేడమ్ వాళ్లు" అని ఇంటికొచ్చి చెబుతారు. నాకు తెలిసి పిల్లలకు టీచరు కష్టం తెలిసొచ్చేది ఆ ఒక్కరోజే.

బాధల్లా చందాలతోనే. ఒక బడిలో నిరుడు తలకు వంద రూపాయలు పోగుచేశారు, శాలువాలకూ గోడ గడియారాలకూ. కూలికి వెళ్లే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే రెండొందలు. ఇవ్వలేని పిల్ల ఆ రోజు బడి మానేసింది. ఆ సంగతి టీచర్లకు తెలిసి ఉంటే ఆ శాలువా కప్పుకునేవాళ్లు కారు. టీచర్ల కోసం పిల్లల దగ్గర పైసా వసూలు చేయకూడదని మీ ఉత్తర్వులో స్పష్టంగా ఒక్క వాక్యం రాయించండి. ప్రైవేటు బళ్లకు కూడా వర్తించేలా రాయించండి. సెప్టెంబర్ 5న స్టేజీ మీద కేకు కోయించి, వేసవి వచ్చేసరికి మే నెల జీతం ఎగ్గొట్టే యాజమాన్యాలు కొన్ని ఉన్నాయని మీకు తెలియనిది కాదు. అది వేరే లేఖకు సరిపడా విషయం.

మరి పిల్లలు ఏం ఇవ్వాలి? ఉత్తరం ఇవ్వాలి. పోస్టుకార్డు ధర అర్ధ రూపాయి. ఆ రోజు ఒక పీరియడ్ కేటాయించి, ప్రతి పిల్లా తనకు నచ్చిన ఏ టీచరుకైనా ఒక కార్డు రాయాలి. ఇప్పుడున్న టీచరుకే రాయాలన్న రూలు వద్దు, బదిలీ అయి వెళ్లిపోయిన టీచరుకైనా రాయొచ్చు. తెలుగు పరీక్షలో మార్కుల కోసం ఎక్స్ ఎక్స్ ఎక్స్ అనే ఊరు పేరు లేని మిత్రుడికి ఎన్ని ఉత్తరాలు రాస్తున్నారో చూస్తూనే ఉన్నాం. ఒక్కటి నిజమైన మనిషికి రాయనివ్వండి. బోర్డు మీద నమూనా రాసిపెట్టి కాపీ చేయించకూడదు. "మీరు దేవుడితో సమానం" లాంటివి వద్దని, టీచరు తనకోసం చేసిన ఒక్క పని ఏదో రాయమని చెబితే చాలు. తప్పులు దిద్దకుండా అలాగే డబ్బాలో వేయాలి. రాయడం ఇంకా రాని చిన్నపిల్లలు బొమ్మ వేస్తారు.

బదిలీ అయిన టీచర్ల మాట ఎత్తడానికి కారణం ఉంది. మన రూల్స్ ప్రకారం ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండితే టీచర్లు సాధారణంగా కదలాల్సిందే. బదిలీలు ఎక్కువగా వేసవి సెలవుల్లోనే అవుతాయి. పిల్లలు జూన్‌లో బడికి వచ్చేసరికి కుర్చీలో కొత్త మనిషి ఉంటారు. వెళ్లొస్తానని చెప్పడం కూడా ఉండదు. ప్రైమరీ టీచర్ల పరిస్థితి మరీ అన్యాయం. అక్షరాలు దిద్దించేది ప్రైమరీలో చెప్పే ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు), పదో తరగతి ఫలితాలు వచ్చినరోజు ఫొటోల్లో ఉండేది హైస్కూలు వాళ్లు. ఒకటో తరగతిలో తాను చేయి పట్టుకుని రాయించిన పిల్ల 580 మార్కులు తెచ్చుకుందని, అరవై కిలోమీటర్ల అవతల ఉన్న టీచరుకు ఎవరు చెబుతారు?

మీ శాఖ చెప్పగలదు. ఏ పిల్ల ఏ బడిలో ఎప్పుడు చదివిందో మీ శాఖ విద్యార్థుల వివరాలు దాచే చైల్డ్ ఇన్ఫోలో ఉంటుంది, ఏ టీచరు ఎప్పుడు ఎక్కడ పనిచేశారో సర్వీసు రికార్డుల్లో ఉంటుంది. రెండూ కలిపితే ఫలితాల రోజున ఆ టీచర్ల ఫోన్‌కు ఒక మెసేజ్ పంపొచ్చు: "మీ దగ్గర చదువుకున్న వీళ్లు పది పాసయ్యారు" అని పేర్లతో. మార్కులు అక్కర్లేదు. ఉదయం లేస్తే హాజరు యాప్, భోజనం యాప్, ఆ వివరాలు, ఈ వివరాలు అని అడగడానికే మోగే ఆ ఫోను, ఏడాదికి ఒక్కసారి ఏమీ అడగకుండా మోగుతుంది.

ఇంకొకటి క్లుప్తంగా. 2024 డిసెంబర్ 7న మొదలుపెట్టిన మెగా పేరెంట్ టీచర్ మీటింగులు మాకు నచ్చాయి. వాటిలో మా పిల్లల గురించి టీచర్లు చెబుతారు. టీచర్ల గురించి మేం చెప్పడానికి కూడా పది నిమిషాలు పెట్టండి, నాయకుల ప్రసంగాలు తగ్గించయినా సరే. అలాగే జనగణన, విపత్తులు, ఎన్నికల పనులు తప్ప మరే చదువేతర పనికీ టీచర్లను వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. గురుపూజోత్సవం వారంలోనైనా దాన్ని అక్షరాలా పాటించి చూడండి.

అవార్డుల పద్ధతి మార్చడానికి ఈ ఏడాది సమయం చాలకపోవచ్చు, వచ్చే ఏడాదికైనా సరే. చందాల మాటా, పోస్టుకార్డుల మాటా మాత్రం ఒక్క సర్క్యులర్‌తో అయ్యే పనులు. అది ఆగస్టు మొదటి వారంలోనే పంపించండి. మా ఊరి పోస్టాఫీసులో కార్డులు వందల్లో ఉండవు, ముందుగా చెప్పి తెప్పించుకోవాలి.

ఇట్లు,
ఒక విద్యా కమిటీ సభ్యురాలు,
అనకాపల్లి జిల్లా