కోత అనకుండానే కరువు పనికి కోత

సంపాదకుడు గారికి నమస్కారం.

మా ఊళ్లలో కరువు పని అనుకునే ఉపాధి హామీ పనుల చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ-జీ రామ్ జీ చట్టం మీద చర్చంతా పేరు మార్పు చుట్టూ, ఏడాదికి ఒక్కో కుటుంబానికి హామీ ఇచ్చే పని వంద రోజుల నుంచి 125 రోజులు కావడం చుట్టూ తిరుగుతోంది. ఆ రోజులకు డబ్బు ఎవరు పెడతారు, ఎంతవరకు పెడతారు అన్న ప్రశ్న మరుగున పడిపోయింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది మా అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలోనే. ఆ జిల్లా రైతుగా ఈ ప్రశ్న అడగడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పాత చట్టం ప్రకారం పని అడిగిన 15 రోజుల్లో చూపించాలి. చూపించలేకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలి. కూలి డబ్బు పూర్తిగా కేంద్రానిదే. అడిగేవాళ్లు పెరిగితే నిధులూ పెంచక తప్పదు. కరోనా ఏడాది అదే జరిగింది. 2020-21 బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లకు మరో 40,000 కోట్లు కలిపారు. చివరికి ఖర్చు లక్షా 11 వేల కోట్లు దాటింది. నగరాల నుంచి నడిచొచ్చిన వాళ్లకు ఊళ్లో గడ్డపార, తట్ట అయినా దొరికాయంటే ఆ చట్టం చలవే.

కొత్త చట్టంలో ఈ వరస తిరగబడింది. ఏ రాష్ట్రానికి ఎంత ఇవ్వాలో కేంద్రం ముందే నిర్ణయిస్తుంది. అంతకు మించి ఖర్చయితే రాష్ట్రమే భరించాలి. కేటాయించిన దాంట్లోనూ మనలాంటి రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవాలి. 2025-26లో మనకు నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. ఆ లెక్కన ఒక కుటుంబం 125 రోజులూ పనిచేస్తే 38,375 రూపాయలు. అందులో రాష్ట్రం వాటా 15,350. లక్ష కుటుంబాలకు 153 కోట్ల పైమాట. మన రాష్ట్రంలో ఏటా ఈ పనికి వచ్చే కుటుంబాలు పదుల లక్షల్లో ఉంటాయి. కాంట్రాక్టర్ల బిల్లులే నెలల తరబడి ఆగుతుంటే, పని అడిగే ప్రతి మనిషికీ కూలిలో 40 శాతం తన జేబులోంచి తీయాల్సిన ప్రభుత్వం ఆ అడిగేవాళ్లను పెంచుకుంటుందా, తగ్గించుకుంటుందా? నాకు రెండోదే భయం. కాగితం మీద 125 రోజులు ఉంటాయి. ఊళ్లో పని మాత్రం ఉండదు.

ఇది ఊహ కాదు, ఇప్పటికే చూసిన తంతు. దేశం మొత్తం మీద వంద రోజుల హామీ ఉన్నప్పుడు కూడా ఒక్కో కుటుంబానికి దక్కింది సగటున 50 రోజుల దగ్గరే. 2022-23లో 73,000 కోట్లు ఉన్న కేటాయింపును మరుసటి ఏడాది 60,000 కోట్లకు దించారు. చాలక చివరికి 86,000 కోట్లకు సవరించారు. 2024-25లో అదే 86,000, 2025-26లోనూ అదే. కూలి రేటు, ధరలు పెరిగాయి కానీ ఆ అంకె కదల్లేదు.

ఇలాంటి కోత ఊళ్లోకి వచ్చేసరికి ఎవరూ కోత అనరు. “పైనుంచి శాంక్షన్ రాలేదమ్మా, వచ్చే వారం చూద్దాం” అంటారు. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) తీయరు. నోటిమాటగా పని అడిగిన మనిషి దగ్గర రసీదు ఉండదు కాబట్టి భృతి మాటే లేదు. మా వీధిలోని ఒక జంట రెండేళ్ల కిందటి వేసవిలో అలా వారం వారం అడిగి, చివరికి పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి బెంగుళూరుకు బేల్దారి (కట్టడాల) పనికి పోయారు. కరువు పనికి మనుషులే రావడం లేదని చెప్పే అధికారులు ఈ లెక్క ఎక్కడ రాసుకుంటారు?

పని పెట్టిన చోటా ఇబ్బందులే. 2023 జనవరి నుంచి అన్ని పనుల దగ్గరా హాజరు యాప్‌లోనే పడాలి, రోజుకు రెండు ఫోటోలు. చెరువు పూడిక తీసేవాళ్లు ఎండ ముదరకముందే తవ్వకం ముగించినా రెండో ఫోటో కోసం తుమ్మచెట్టు కింద కాచుకోవాలి. పని దగ్గర హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంట్ ఫోన్ పైకెత్తి సిగ్నల్ కోసం కట్ట మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుంటాడు. ఫోటో ఎక్కకపోతే ఆ పూట కూలికి ఎసరు. దొంగ మస్టర్లను అరికట్టాల్సిందే, నేను కాదనను. దానికి ఊరందరి ముందు లెక్కలు చదివే సామాజిక తనిఖీ ఉంది, ఈ పథకంలో దాన్ని రాష్ట్రమంతా జరిపి చూపించింది మన తెలుగు నేలే. దాన్ని గట్టిగా జరిపించండి. చెమటోడ్చిన మనిషి కూలి సిగ్నల్ మీద ఆధారపడకూడదు.

రైతులకు కూలీలు దొరకడం లేదని, అందుకే నాట్లు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజులు పని ఆపుతామని కొత్త చట్టం అంటోంది. నేనూ శనక్కాయ పెట్టే మెట్ట రైతునే. కూలీలు దొరక్క అగచాట్లు పడ్డవాణ్ణే. అయినా ఈ నిబంధన నాకు నచ్చలేదు. మా దగ్గర కరువు పని ముమ్మరంగా సాగేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, భూములు ఖాళీగా ఉన్నప్పుడు. వానలు పడి విత్తనం మొదలైతే జనం వాళ్లంతట వాళ్లే చేలలోకి వస్తారు. మరి చట్టంతో ఆపడం దేనికి? కూలి మనిషి “ఇంత ఇస్తేనే వస్తా” అని అడగగలిగే బలం తీసేయడానికే. ముఖ్యంగా ఆడవాళ్లకు. మగవాళ్లతో సమానంగా కూలి మొదటిసారి వాళ్ల ఖాతాలో పడింది ఈ పనిలోనే. ఈ పనికి వచ్చేవాళ్లలో సగానికి పైగా వాళ్లే. రైతుకు సాయం చేయాలంటే గిట్టుబాటు ధర ఇవ్వండి. కూలీని వంచి నాకు సాయం చేయొద్దు.

ఈ పనిని నమ్ముకున్న చిరుద్యోగులూ ఉన్నారు. ఫీల్డ్ అసిస్టెంట్లు, టెక్నికల్ అసిస్టెంట్లు, కంప్యూటర్ ఆపరేటర్లు. తెలంగాణలో 2020లో సమ్మె చేసినందుకు ఏడు వేలకు పైగా ఫీల్డ్ అసిస్టెంట్లను తీసేసి, రెండేళ్ల తర్వాత మళ్లీ తీసుకున్నారు. ఆ రెండేళ్లు వాళ్ల ఇళ్లు ఎలా గడిచాయో ఎవరూ అడగలేదు. పథకం ఖర్చులో 40 శాతం రాష్ట్రం మీద పడ్డాక ముందుగా కత్తెర పడేది ఇలాంటి వాళ్ల మీదే.

కేంద్రం నిధులు ఆపితే ఏమవుతుందో పశ్చిమ బెంగాల్ చూపించింది. అవకతవకల పేరుతో 2022 మార్చి నుంచి అక్కడ మూడేళ్లకు పైగా నిధులు ఆగిపోయాయి. హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. తప్పు చేసినవాళ్ల మాటేమో గానీ, శిక్ష పడింది తట్ట మోసిన వాళ్లకు.

మన ప్రభుత్వాన్ని నేను అడిగేవి ఎక్కువ కాదు. రాష్ట్ర వాటా కింద బడ్జెట్‌లో ఎంత పెడుతున్నారో, అది ఎన్ని కుటుంబాలకు ఎన్ని రోజులు సరిపోతుందో ఆర్థిక మంత్రి శాసనసభలో చెప్పాలి. పని అడిగిన ప్రతి ఒక్కరికీ గ్రామ సచివాలయంలో తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. పని చూపించలేని చోట కారణాన్ని నోటీసు బోర్డు మీద పెట్టాలి. కేంద్ర ప్రభుత్వానికి మన రాష్ట్ర ఎంపీల మద్దతు ఎంత అవసరమో అందరికీ తెలుసు. ఆ ఎంపీలు కూలి ఖర్చు మొత్తం మళ్లీ కేంద్రమే భరించాలని లోక్‌సభలో అడగాలి. వేసవి పనుల కాలం దాటాక అడిగితే ఈ ఏడాదికి ఉపయోగం లేదు.

ఇట్లు,
ఒక మెట్ట రైతు,
అనంతపురం జిల్లా