దిద్దాలా, ఊరుకోవాలా?

ఒరేయ్,

ఎలా ఉన్నావు? నీ ఉత్తరం అందింది. వెంటనే జవాబు రాద్దామనుకున్నాను గానీ, నువ్వు అడిగింది ఒక్క ముక్కలో తేలే విషయం కాదు. ఆన్‌లైన్‌లో ఎవరైనా తప్పుగా రాస్తే చెప్పాలా, చూసీ చూడనట్టు ఊరుకోవాలా అన్నావు. చెబితే ‘పెద్ద పంతులు బయల్దేరాడు’ అంటున్నారనీ, చెప్పకపోతే మనసు ఊరుకోవడం లేదనీ రాశావు. నాకు తెలుసురా. తప్పుడు అక్షరం కనిపిస్తే నీకు పంటి కింద రాయి పడ్డట్టే ఉంటుంది. భాష మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉన్నారు చెప్పు? అందుకే నీ ఉద్దేశాన్ని నేను ఎప్పటికీ తప్పుపట్టను.

కానీ నా అభిప్రాయం అడిగావు కాబట్టి సూటిగా చెప్పేస్తాను. ఒక మనిషి తన కష్టమో సుఖమో నలుగురితో చెప్పుకుంటున్నప్పుడు నువ్వు అక్షరాలు దిద్దొద్దు. పదిమంది నమ్మి వాడుకునే రాత అయితే మాత్రం తప్పకుండా దిద్దు, అదీ నేరుగా రాసినవాళ్లకే చెప్పు. నా మాట ఇంతే. ఎందుకు అంటున్నానో కాస్త ఓపిగ్గా విను.

అసలు ఆ తప్పులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూశావా? ‘ణ’ ఉండాల్సిన చోట ‘న’ కనిపిస్తే రాసినవాడికి తెలుగు రాదని నువ్వు తీర్మానించేస్తావు. ఫోన్‌లో చాలామంది ఇంగ్లిష్ అక్షరాలు నొక్కి తెలుగు తెప్పించుకుంటారు. ఆ లిప్యంతరీకరణ పద్ధతుల్లో మామూలుగా చిన్న ‘ఎన్’ నొక్కితే ‘న’, పెద్ద ‘ఎన్’ నొక్కితే ‘ణ’. ‘ల’, ‘ళ’లకూ అదే లెక్క. ఒత్తు కావాలంటే పక్కన ‘హెచ్’ చేర్చాలి. ఒక చేత్తో బ్యాగు పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో టైప్ చేసే మనిషి ప్రతి ‘ణ’కీ షిఫ్ట్ నొక్కుతాడా? కొన్ని కీబోర్డులు తామే ఊహించి రెండు మూడు మాటలు చూపిస్తాయి. ‘అర్థం’ కావాల్సినవాడు ముందు కనిపించిన ‘అర్ధం’ మీద వేలు పెట్టేసి ముందుకు వెళ్లిపోతాడు. ఇక నోటితో చెప్పి టైప్ చేయించుకునేవాళ్ల సంగతి సరేసరి. వాళ్లు పలికింది ఒకటి, ఫోన్‌కి వినిపించింది ఇంకొకటి. నువ్వు చూస్తున్న తప్పుల్లో చాలా భాగం వేలిదో యంత్రానిదో అయి ఉండొచ్చు. రాసినవాడి చదువుకీ వాటికీ సంబంధం లేదు.

ఇంకో రకం మనుషులున్నారు. బడిలో తెలుగు నేర్చుకున్నారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి తెలుగులో ఒక్క వాక్యం రాయాల్సిన పని పడలేదు. ఉద్యోగం ఇంగ్లిష్‌లో, అర్జీలు ఇంగ్లిష్‌లో. ఫోన్‌లోకి తెలుగు వచ్చాకే మళ్లీ అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టారు. వాళ్లకు చదవడం బాగానే వచ్చు, రాయడానికే బెరుకు. అలాంటివాళ్లను నలుగురి ముందు ఒక్కసారి సరిచేసి చూడు, మర్నాటి నుంచి ఇంగ్లిష్ లిపిలో తెలుగు రాస్తారు, లేకపోతే ఒక బొమ్మ పెట్టి ఊరుకుంటారు. నాకు అసలు భయం అక్కడే. ఒత్తు తప్పిన తెలుగును రేపు సరిచేసుకోవచ్చు. బెదిరిపోయి మానేసినవాళ్లను మళ్లీ రాయించడం చాలా కష్టంరా.

మొన్నామధ్య ఒకటి చూశాను, ఇంకా మనసులోంచి పోవడం లేదు. ఒకావిడ వాళ్లమ్మ పోయిన సంగతి రాసింది. ఆసుపత్రిలో చివరి రోజులు, తను వెళ్లేసరికి ఆలస్యం కావడం, అమ్మ కళ్లజోడు ఇంకా టీవీ పక్కనే ఉందనీ, అక్కణ్ణుంచి తీయబుద్ధి కావడం లేదనీ. ఆఖర్న ‘చాలా భాదగా ఉంది’ అని ముగించింది. దాని కింద వచ్చిన మొదటి జవాబు: ‘భాద కాదండీ, బాధ.’ అంతే, ఇంకో మాట లేదు. ఆ చెప్పినాయనది అక్షరాలా నిజం. ‘బ’కు ఒత్తు లేదు, ‘ధ’కు ఉంది. తర్వాత ఇంకొకరు వచ్చి ‘ఇప్పుడు ఇది అవసరమా’ అన్నారు, ఆయన సమర్థించుకున్నాడు, మరో ఇద్దరు కలిశారు. ఒత్తుల గురించి చర్చ సాగుతూనే ఉంది. వాళ్లమ్మ గురించి అడిగినవాళ్లు లేరు. సాయంత్రానికి ఆవిడ ఆ రాత తీసేసింది. ఆ ఒత్తు సరిగ్గా పడి ఉంటే ఎవరికి ఏం ఒరిగేది చెప్పు? అది పడకపోవడం వల్ల చదివినవాళ్లలో ఎవరికైనా విషయం తెలియకుండా పోయిందా?

నువ్వు దిద్దేవాటిలో కొన్ని అసలు తప్పులే కావు, ఆ మాట కూడా చెప్పాలి. ‘వచ్చిండు’ అని రాసినవాణ్ణి ‘వచ్చాడు’ అనమన్నావట. అది ఆయన ఇంట్లో పలికే తెలుగు. దానికి దాని నియమాలున్నాయి, ఆయన వాటిని ఎక్కడా తప్పలేదు. ఒక ప్రాంతపు మాటతీరును పుస్తకాల్లోకి ఎక్కించినంత మాత్రాన మిగతావి తప్పులైపోవు. ఈ విషయంలో నేను ఒక్క మెట్టు కూడా దిగను. ‘పెళ్లి’, ‘పెళ్ళి’ లాంటివి కూడా అంతే. రెండూ వాడుకలో ఉన్నాయి, రెండూ అచ్చవుతున్నాయి. వాటి మీద గొడవ పెట్టుకోకు.

తప్పులు పట్టడమంటే గిడుగు రామమూర్తి గారిని చూడు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే కదా మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వందేళ్ల కిందట గ్రాంథికమే రాయాలి, వాడుక భాష రాతకు పనికిరాదు అని పట్టుబట్టిన పండితులుండేవారు. ఈయన వాళ్ల రాతలే ముందు పెట్టుకుని, వాళ్లు చెప్పే వ్యాకరణం ప్రకారమే వాళ్లు ఎక్కడెక్కడ తప్పారో ఏరి చూపించారు. మీరే నిలబెట్టుకోలేని నియమాన్ని బడిపిల్లల నెత్తిన ఎందుకు రుద్దుతారు అన్నదే ఆయన వాదన. ఆ నియమాలకు బెదిరిపోయే పిల్లల పక్షాన నిలబడి, నియమం పెట్టేవాళ్ల తప్పులు పట్టారు. సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం పాఠాలు తయారుచేసిన మనిషి ఆయన. నువ్వూ దిద్దు, కాదనను. కానీ ఎవరి వైపు చూసి దిద్దుతున్నావో చూసుకో అంటున్నాను.

ఇంకో సంగతి చదివాను, నీకు చెప్పాలనిపించింది. 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు 83 మందికి కొన్ని ఈమెయిళ్లు చదవమని ఇచ్చారు. ఇంట్లో కలిసి ఉండటానికి మనిషి కావాలన్న ప్రకటనకు వచ్చిన జవాబుల్లాంటివి అవి. కొన్నిట్లో తప్పుల్లేవు, కొన్నిట్లో టైపింగ్ పొరపాట్లు, కొన్నిట్లో వ్యాకరణ దోషాలు. రాసినవాళ్ల గురించి నీ అభిప్రాయం ఏమిటని అడిగితే, తప్పులు రాసినవాళ్లకు మార్కులు తగ్గాయి. ఇది మనం ఊహించేదే. చదివేవాళ్ల స్వభావాన్ని కూడా కొలిచి చూస్తే, నలుగురితో సర్దుకుపోయే గుణం తక్కువ ఉన్నవాళ్లు వ్యాకరణ దోషాల దగ్గర మరింత కఠినంగా ఉన్నారట. 83 మందితో చేసిన ఒక్క అధ్యయనాన్ని పట్టుకుని ఎవరి స్వభావాన్నీ తేల్చేయకూడదు, నీ స్వభావం నాకు వేరే తెలుసు కూడా. కానీ అటువైపు మనిషికి నీ స్వభావం తెలియదు కదరా. నీ ముఖం కనిపించదు, గొంతు వినిపించదు. ‘అది కాదు, ఇది’ అన్న రెండు మాటలే కనిపిస్తాయి.

అమెరికాలో ఇద్దరు కుర్రాళ్లు 2008లో దేశమంతా తిరుగుతూ బోర్డుల మీద తప్పులు దిద్దుకుంటూ పోయారు. జెఫ్ డెక్, బెంజమిన్ హెర్సన్. సదుద్దేశంతోనే మొదలుపెట్టారు. అలా తిరుగుతూ గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కులో ఒక కావలి బురుజు దగ్గర చేత్తో రాసిన పాత బోర్డు మీద ఒక అపాస్ట్రఫీ (ఇంగ్లిష్‌లో అక్షరం పక్కన పైన పెట్టే చిన్న గుర్తు) కప్పేసి, ఇంకోచోట ఒకటి చేర్చి, ఒక కామా కూడా పెట్టారు. తీరా చూస్తే అది ఆ బురుజును రూపకల్పన చేసిన మేరీ కోల్టర్ స్వయంగా రాసిన చారిత్రక బోర్డు. కేసయింది, తప్పు ఒప్పుకున్నారు. బోర్డు బాగుచేయించడానికి 3,035 డాలర్లు కట్టమన్నారు, ఏడాది పాటు జాతీయ పార్కుల్లో అడుగు పెట్టొద్దన్నారు. వ్యాకరణం ప్రకారం వాళ్ల కామా సరైనదే కావచ్చు. అది ఎవరి చేతిరాతో, అక్కడ ఎన్నేళ్ల నుంచి ఉందో వాళ్లు అడగలేదు.

మీ బాబాయి గారి సంగతి కూడా రాశావు. ఇంటివాళ్ల గ్రూపులో ఆయన మనవరాలి గురించి రాస్తే నువ్వు రెండు తప్పులు చూపించావు, ఆయన ‘థాంక్స్ బాబూ’ అన్నారు, అప్పట్నుంచి ఫోటోలు ఫార్వర్డ్ చేయడమే గానీ సొంతంగా ఏమీ రాయడం లేదు అన్నావు. నువ్వు దాన్ని మామూలుగా రాసేశావు గానీ, నీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ వాక్యమే. ఇప్పుడు వెళ్లి క్షమాపణలు చెప్పి మళ్లీ ఆ తప్పుల్నే గుర్తు చేయకు. విడిగా మెసేజ్ పెట్టు. ఆ పాప సంగతి అడుగు, ‘తర్వాత ఏమైందో చెప్పనే లేదు, కాస్త వివరంగా రాయండి’ అను. అడిగి రాయించుకో. సరైన రూపం ఆయన కంట పడాలనుంటే నీ జవాబులో ఆ మాటను సరిగ్గా రాయి, అంతకుమించి ఏమీ అనకు.

అలా చేస్తే ఎవరూ నేర్చుకోరంటావు, నాకు తెలుసు. నిజమే. కెనడాలో ఫ్రెంచి నేర్పే తరగతులను గమనించి రాయ్ లిస్టర్, లీలా రాంటా 1997లో రాసింది ఇదే. టీచర్లు పిల్లల తప్పు దిద్దిన సందర్భాల్లో సగానికి పైగా దాన్ని సరైన రూపంలో తిరిగి పలికి ఊరుకునేవారట, పిల్లలు అందిపుచ్చుకున్నది మాత్రం మిగతా పద్ధతులన్నిటికంటే తక్కువ. పాఠం చెప్పడానికి అది బలహీనమైన పద్ధతే. కానీ మీ బాబాయి గారు నీ దగ్గర పాఠానికి రాలేదు కదా. ‘నేర్చుకుంటున్నాను, దిద్దండి’ అని అడిగేవాళ్లుంటే వాళ్లకు మొహమాటపడకుండా చెప్పు. ఒకేసారి పది కాకుండా, మళ్లీ మళ్లీ వచ్చేది ఒకటో రెండో చెప్పు, ఎందుకో కూడా చెప్పు.

అర్థం మారిపోయే చోట అసలు ఆలోచించనే వద్దు. రక్తం కావాలన్న మెసేజ్‌లో గ్రూపు తప్పు పడినా, ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గినా, పరీక్ష తేదీ మారినా అందరికీ కనిపించేలా వెంటనే చెప్పాలి. అక్కడ మర్యాద కోసం ఆగితే ఎవరో ఒకరు నష్టపోతారు.

‘అందరూ ఊరుకుంటే భాష ఏమైపోతుంది’ అన్న నీ ప్రశ్నకు నా సమాధానం: నీ శ్రమ పాఠ్యపుస్తకాల మీద, పత్రికల శీర్షికల మీద, టీవీలో కింద పరుగెత్తే అక్షరాల మీద, కీబోర్డులు సూచించే మాటల మీద పెట్టు. జనం చూసి నేర్చుకునేది అక్కణ్ణుంచే. అలా రాసేవాళ్లు జీతం తీసుకుని రాస్తున్నారు, వాళ్లను అడిగే హక్కు నీకుంది. వికీపీడియా కూడా ఉంది. 2003 నుంచి తెలుగులో నడుస్తోంది, ఎవరినీ అడగకుండా వెళ్లి దిద్దేయొచ్చు, దిద్దమనే వాళ్లు పిలుస్తున్నారు. నీలాంటి కన్ను ఉన్నవాడు రోజూ ఒక పేజీ చూసినా ఎంత మేలో!

పిల్లల సైన్సు పుస్తకంలో ఒకే పాఠంలో అన్ని తప్పులున్నాయన్నావు చూడు, దానికి మాత్రం ఈ వారమే ప్రచురణకర్తలకు రాయి. పేజీ, వాక్యం, ఉన్న రూపం, ఉండాల్సిన రూపం, అంతే. కోపం వద్దు. రాసి నాకూ ఒక కాపీ పంపు, పంపే ముందు ఇద్దరం కలిసి ఒకసారి చూద్దాం.

నీ నేస్తం