డీటీపీకి ఇచ్చే ముందు ఇది చదువు

ఒరేయ్ రమణా,

కథలన్నీ పూర్తయ్యాయి, ఉగాదికి పుస్తకం తెచ్చేస్తానని రాశావు. ఎంత సంతోషమేసిందో! కానీ "ఈ వారమే ప్రెస్సుకి ఇచ్చేస్తున్నా" అన్న మాట దగ్గర గుండె గుభేలుమంది. కాస్త ఆగరా. పుస్తకం పాడయ్యేది ఎక్కువగా ప్రెస్సులో కాదు, ప్రెస్సుకి వెళ్లే ముందు నెలలో.

ముందు పేజీల లెక్క. 14 కథలు, 32 వేల మాటలు అన్నావు కదా. డెమ్మీ 1/8 సైజులో, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడుగు పుస్తకంలో, పేజీకి సుమారు 230 మాటలు పడతాయి. కథలకి 140 పేజీలు. ముందుమాట, విషయసూచిక, కథల చివర మిగిలే ఖాళీలు కలిపితే 160. ఫారం అంటే ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితం, దానికి 16 పేజీలు కాబట్టి సరిగ్గా 10 ఫారాలు. అదే 163 వచ్చాయనుకో, మూడు పేజీల కోసం ఇంకో అర ఫారం వేయాలి, చివర 5 పేజీలు తెల్లగా మిగులుతాయి. రెండు ముందుమాటలు రాయించానన్నావు, ఒకటి తీసెయ్. మొదటి పుస్తకానికి ఒక్కటి చాలు.

ఇక అసలు సంగతి, డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కట్టడం. నువ్వు టైపు చేసింది యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లో తెరిచినా చదవగలిగే పద్ధతిలో. చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పనిచేస్తాయి. నీ ఫైలుని కన్వర్టర్‌లో వేసి మార్చుకుంటారు. తంటా అక్కడే మొదలవుతుంది. 'హైదరాబాద్‌లో' అని నువ్వు కొట్టినప్పుడు పొల్లుకీ 'లో'కీ మధ్య కంటికి కనపడని అక్షరం ఒకటుంటుంది, ఆ రెంటినీ కలవకుండా ఆపేది అదే. కన్వర్టర్ దాన్ని మింగేసిందంటే ద కింద లవత్తు పడి 'హైదరాబాద్లో' అవుతుంది. 'బస్‌లో', 'పార్క్‌లో', 'ఆఫీస్‌కి' అన్నీ అంతే. నీ కథల్లో ఇలాంటివి పేజీకి నాలుగైనా ఉంటాయి. అందుకే ఇన్‌డిజైన్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే చేసేవాళ్లని వెతుక్కో. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టారా అని అడుగు. అది పెట్టకపోతే వత్తులు కింద కూర్చోకుండా విడివిడిగా పడతాయి. ఫాంటు సంగతంటావా, కథలకి మండలి బాగుంటుంది. ఉచితమే.

లైన్ల మధ్య సందు గురించి గట్టిగా చెప్పు. ఇంగ్లీషు పుస్తకానికి సరిపోయే సందు మనకి చాలదు. 'స్త్రీ' అన్న మాటే చూడు, పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, రవత్తు. దాని కింది లైనులో సరిగ్గా అక్కడే 'కీ' వచ్చిందంటే పై వత్తూ కింది గుడీ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. చదివేవాడికి కారణం తెలియదు గానీ పది పేజీలకే కళ్లు అలిసిపోతాయి. 12 పాయింట్ల అక్షరానికి లైనుకీ లైనుకీ 18 పాయింట్లు ఉండాలి. పేజీలు తగ్గించాలని 15కి దింపుతామంటే ఒప్పుకోకు. లోపలి మార్జిన్ ముప్పావు అంగుళం ఉంచమను, లేకపోతే బైండింగులో మాటలు పేజీలు కలిసే మడతలోకి పోతాయి.

ప్రూఫు మూడుసార్లు, మూడూ కాగితం మీదే. మొదటిసారి నీ రాతప్రతి పక్కన పెట్టుకుని మాట మాటా. రెండోసారి పేజీ చూపు, అంటే పేరాలో చివరి లైను ఒక్కటే ఎగిరి తర్వాతి పేజీ తలమీద పడిందా, కథ పేరు ఒక పేజీలో, కథ ఇంకో పేజీలో ఉన్నాయా అని. మూడోసారి దిద్దిన చోట్లు, వాటి చుట్టుపక్కల నాలుగు లైన్లు. ఒక మాట దిద్దితే పేరా మొత్తం కదులుతుంది మరి. ఒక్కసారైనా వేరేవాళ్ల చేత చదివించు, నీ కళ్లు నువ్వు రాయాలనుకున్నదే చదువుతాయి. తప్పులు ఎక్కువగా దాక్కునేది కథల పేర్లలో, విషయసూచిక నంబర్లలో, అట్ట మీద.

అట్ట మాటెత్తాను కాబట్టి, స్పైన్, అంటే పుస్తకం వీపు, దాని మందం ఊహించి వేయించకు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల బరువు) మ్యాప్‌లితో కాగితం మీద 160 పేజీలంటే 80 కాగితాలు, సుమారు 7 మిల్లీమీటర్లు. ప్రెస్సువాళ్లు అదే కాగితంతో డమ్మీ, అంటే అచ్చులేని నమూనా పుస్తకం కట్టిస్తారు, కొలిచాకే అట్ట ఫైలు తయారవ్వాలి. అంచులు కోసేటప్పుడు పోయేందుకు అట్ట బొమ్మ చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. రంగులు సీఎంవైకేలో, అంటే అచ్చుకి వాడే నాలుగు సిరాల లెక్కలో ఉండాలి, ఫోన్‌లో మెరిసే నీలం కాగితం మీద మసగ్గా వస్తుంది. అట్టకి 300 జీఎస్‌ఎం, మ్యాట్ లామినేషన్.

వెయ్యి కాపీలు అన్నావు. వద్దురా. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే, అందుకే 500 లోపు గిట్టదు. డిజిటల్లో 200 వేయించు, అయిపోతే మళ్లీ వేయించొచ్చు. షాపులు 40 శాతం దాకా కమీషన్ తీసుకుంటాయి, డబ్బు అమ్ముడుపోయాకే ఇస్తాయి. వెల 200 పెడితే నీ చేతికొచ్చేది 120. అందులోనే ముద్రణ, రవాణా.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే నంబరు, దాని పని మాత్రం ఈరోజే మొదలుపెట్టు. కేంద్ర ప్రభుత్వ రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది, సొంతంగా వేసుకునే రచయితలకి కూడా. ఆ నంబరు ఇప్పిస్తామని చెప్పేవాళ్లకి డబ్బివ్వకు. ఈబుక్ కూడా తెస్తే దానికి వేరే నంబరు. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరాకీ, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకీ ఒక్కో కాపీ పంపాలి. ఇది 1954 నాటి చట్టం. ఆ నాలుగూ ముందే తీసి పక్కన పెట్టు.

ఇప్పుడు చేయాల్సిందల్లా ఒక్కటే. మొత్తం ఫైలు ఇవ్వకుండా రెండో కథ ఒక్కటి సెట్ చేయించి, అసలు సైజులో ప్రింటు తీయించి నాకు పోస్టులో పంపు. వాట్సాప్‌లో ఫొటోలు కాదు. ఆ కథలో 'స్త్రీ'లూ 'బస్‌లో'లూ బోలెడున్నాయి, ముందు వాటినే చూస్తాను.

నీ
శేఖరం