మంత్రిగారూ, బిక్కవోలు పొలాల్లో ఒక కాలిబాట వేయించండి

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

2027 గోదావరి పుష్కరాలు దగ్గర పడుతున్నాయి. ఘాట్లు, రోడ్లు, రైళ్ల గురించి ఊరూరా మాట్లాడుకుంటున్నారు. ఆ పనుల్లో ఇంకొక చిన్న పని చేర్చమని అడగడానికే ఈ లేఖ. రాజమండ్రి దగ్గరి బిక్కవోలులో ఉన్న చాళుక్యుల కాలపు గుళ్లన్నింటినీ కలుపుతూ, మనుషులు నడిచి చూసేలా ఒక కాలిబాట కావాలి. ఆ బాట పొడవునా తెలుగులో నాలుగు మాటలు చెప్పే బోర్డులు కావాలి.

వేంగి చాళుక్యుల సంగతి మీకు తెలిసిందే. బాదామి రాజు రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు ఏడో శతాబ్దంలో మన ప్రాంతానికి వచ్చి ఈ వంశాన్ని నిలబెట్టాడు. ఆ వంశంలో గట్టివాడు గుణగ విజయాదిత్యుడు. 848లో గద్దెనెక్కి నలభై ఏళ్లకు పైగా ఏలాడు. ఆయన బిరుదు మీదే బిక్కవోలుకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆయన సేనాని పండరంగడు వేయించిన అద్దంకి శాసనంలోని తరువోజ పద్యాన్ని తెలుగు చదువుకున్నవాళ్లంతా గుర్తుపడతారు. తెలుగులో పద్యం శాసనాలకెక్కుతున్న ఆ రోజుల్లోనే ఈ డెల్టా అంచున ఇలాంటి గుళ్లు లేచాయి. అన్నగారి వంశం కట్టిన పట్టదకల్‌ను 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. తమ్ముడి వంశం కట్టినవి మన వరి చేలల్లో ఉన్నాయి. హంపీకి కుటుంబాలతో వెళ్లి, రోజంతా ఎండలో తిరిగి, ఫొటోలు తెచ్చుకునే మనవాళ్లలో ఎంతమంది ఇక్కడికి వచ్చారు? నిన్నమొన్నటిదాకా మా ఇంటి నుంచే ఎవరూ రాలేదు.

సంక్రాంతి సెలవుల్లో పదో తరగతి చదివే మా మేనకోడల్ని తీసుకుని వెళ్లాను. రాజమండ్రి నుంచి సామర్లకోట వైపు వెళ్లే ప్యాసింజర్ రైలెక్కితే గంటలోపే బిక్కవోలు స్టేషన్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి అంతా నడకే. ముందు ఊళ్లోని గుళ్లు చూశాం. గోలింగేశ్వరస్వామి ఆలయం, దానికి తోడుగా రాజరాజేశ్వర, చంద్రశేఖర ఆలయాలు. సుబ్రహ్మణ్య షష్ఠికి ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చే చోటు ఇదే. గోలింగేశ్వరాలయంలో ఒకరినొకరు హత్తుకుని ఉన్న శివపార్వతుల విగ్రహం దగ్గర మా మేనకోడలు కదలకుండా నిలబడిపోయింది. తర్వాత లక్ష్మీగణపతి దగ్గరికి వెళ్లాం. అందరిలాగే తనూ ఆ పెద్ద వినాయకుడి చెవిలో ఏదో చెప్పుకుంది. ఏం కోరుకుందో నాకు చెప్పలేదు. అడగకూడదు కూడా.

ఇంతవరకూ ఇబ్బంది లేదు. దీపం ఉన్న గుడికి దారి ఎవరైనా చెబుతారు. ఇబ్బందల్లా ఊరు దాటాకే.

వీరభద్రుడి గుడి, కంసాల గుడి, నక్కల గుడి పొలాల మధ్య ఉన్నాయి. అప్పుడు దాళ్వా (రెండో పంట) ఊడ్పులు జరుగుతున్నాయి. ఎటు చూసినా నీళ్లు నిలిచిన మడులు, వాటి మధ్య పైకి పోయేకొద్దీ చిన్నదవుతూ అంతస్తులుగా లేచిన రాతి విమానగోపురం. గట్టు మీద నిలబడితే ఆ గుడి మొత్తం మడి నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. వెయ్యేళ్లు దాటిన కట్టడాన్ని ఇలా పొలంలో, నాట్లు వేసే ఆడవాళ్ల మాటలు వింటూ చూడటం నేనింకెక్కడా ఎరగను. ఎంత మంచి పార్కు కట్టినా ఆ అందం రాదు. దాన్ని అలాగే ఉంచి చూపించాలి.

దగ్గరికి వెళ్లే దారి మాత్రం మాకు తెలియలేదు. గట్టు మీద తటపటాయిస్తుంటే ఒక రైతు గారు కేకేశారు. "ఆయ్, గుడికాండీ? ఆ గట్టు దిగబడిపోద్దండి. ఇటు బోదె పక్కనించి రండి." దారి చూపిస్తూ కొంతదూరం మాతో నడిచారు. "చూడ్డానికి వచ్చేవాళ్లు వత్తానే ఉంటారండి. తెలీక నారు తొక్కేత్తారు. ఏమనగలమండీ?" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. కానీ ఆ నష్టం ఆయన ఎందుకు భరించాలి?

గోడల్లోని గూళ్లు, వాటి మీది మకర తోరణాలు, రాతిలో చెక్కిన ఆ చిన్న చిన్న ముఖాలు చూస్తూ మా మేనకోడలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. వీటిలో ముందు ఏది కట్టారు? డెల్టాలో ఇంత రాయి ఎలా వచ్చింది? ఊళ్లో గుళ్లు అక్కడుంటే ఇవి ఇంత దూరంలో ఎందుకున్నాయి? అప్పుడు ఊరు ఇక్కడిదాకా ఉండేదా? పిల్లలు ఇలా అడిగిన చోట జవాబు చెప్పే మనిషో, బోర్డో ఉండాలి. ఒక్కరోజు నడకలో తనకు చరిత్ర మీద పుట్టిన ఆసక్తి నాకు కళ్లారా కనిపించింది.

అందుకే అడుగుతున్నాను. సిమెంటు రోడ్డు వద్దు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు కూడదని 2010లో సవరించిన చట్టమే చెబుతోంది. ఉన్న గట్లలోనే ఒకదాన్ని రైతుల ఒప్పుదలతో కాస్త వెడల్పు చేసి, మట్టి గట్టిపరిచి, బోదెల (పిల్లకాలవల) మీద చిన్న దాటుడు బల్లలు వేస్తే చాలు. గట్టు కోసం పోయే సెంటు భూమికైనా ఏటా డబ్బు కట్టివ్వాలి. మరుగుదొడ్లు, తాగునీరు స్టేషన్ దగ్గరే పెట్టొచ్చు. ఆ ఊరి కుర్రాళ్లకే, అమ్మాయిలకే నాలుగు వారాలు చరిత్ర, శిల్పం చెప్పించి గైడ్లుగా పెట్టండి. దయచేసి రంగు లైట్లు, పెయింట్లు మాత్రం ఆ రాళ్ల జోలికి రానివ్వకండి. పాత శిల్పానికి ఎనామిల్ రంగు వేస్తే దాన్ని పాడు చేసినట్టే. ఈ మాట మీ అధికారులకు గట్టిగా చెప్పండి.

పంచారామాల యాత్రకు కార్తీకంలో ఆర్టీసీ బస్సులు ద్రాక్షారామం నుంచి సామర్లకోటకు వెళ్తాయి. సామర్లకోట భీమేశ్వరాలయం కట్టించిన చాళుక్య భీముడు గుణగ విజయాదిత్యుడి తర్వాత గద్దెనెక్కినవాడే. ఆ భక్తులకు బిక్కవోలు పెద్ద చుట్టుదారి కాదు. పుష్కరాలకు రాజమండ్రి వచ్చే లక్షల మందికీ అంతే. ఈ గుళ్లు కేంద్రం రక్షణలో ఉన్నాయి కాబట్టి అక్కడి అనుమతులు కావాలి. వాటిని కోరే ఉత్తరం మీ ఆఫీసు నుంచి వెళ్తే కదిలినంత త్వరగా మాలాంటివాళ్ల అర్జీతో కదలదు.

ఈ పని మొదలుపెట్టే ముందు మీరొకసారి రావాలి. ఏప్రిల్‌లో దాళ్వా కోతలు అయ్యాక గట్లు ఆరి ఉంటాయి, నడవడం తేలిక. పొద్దున్నే వస్తే ఎండ ముదిరేలోపు పొలాల్లోని మూడు గుళ్లూ చూడొచ్చు. కాన్వాయ్‌ని కాలవ గట్టు మీదే ఆపించి, ఆ పొలాల రైతుల్ని వెంటబెట్టుకుని నడవండి. బాట ఏ గట్టు మీద పడాలో వాళ్లే చూపిస్తారు.

ఇట్లు,
రామచంద్రపురం ప్రాంతపు ఒక పౌరుడు