వార్షిక నివేదిక: వాయిదా పడిన తీర్మానం, ఏడాది చదువు

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మనం ఒక తీర్మానం దగ్గర ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. హత్య, అత్యాచారం, పిల్లలపై లైంగిక దాడి లాంటి తీవ్ర నేరాలకు ఉరిశిక్ష తప్పనిసరి చేయాలని సంఘం తరఫున ప్రభుత్వానికి వినతిపత్రం పంపాలన్నది ఆ తీర్మానం. అప్పుడు వార్తల్లో నలుగుతున్న ఒక కేసు వల్ల అందరి రక్తం మరుగుతోంది. ఓటింగ్ పెట్టి ఉంటే ఆ రోజే నెగ్గేది. ఇంతలో వెనక వరసలోంచి ఒక సభ్యురాలు లేచి, "ఉరి వేస్తే ఇవి తగ్గుతాయని మనకి ఎవరు చెప్పారండీ?" అని అడిగారు. కేకలు చాలా వినిపించాయి గానీ జవాబు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఏడాది పాటు చదివి, తెలిసినవాళ్ళని పిలిపించి విని, అప్పుడు తేల్చుకుందామని తీర్మానాన్ని పక్కన పెట్టాం. ఈ ఏడాది సంఘం చేసిన పనిలో ఎక్కువ భాగం అదే కాబట్టి నివేదికలోనూ ఎక్కువ భాగం అదే.

ఎనిమిది సమావేశాలు అనుకున్నాం, ఆరు జరిగాయి. మొదటి దానికి హాలు నిండిపోయింది. మూడో దానికి వచ్చినవాళ్ళలో సగం మంది కార్యవర్గం వాళ్ళే. ఆ రోజు అంకెల పట్టికలు చూపిస్తామని ముందే ప్రకటించడం నా తప్పు.

మొదటి సమావేశంలో మేం అసలు ప్రశ్ననే వదిలేశాం. "శిక్షకి భయపడి నేరం మానుకుంటారా?" అని అడిగితే, లేచిన ప్రతి ఒక్కరూ "అలాంటివాడు బతకకూడదు" అన్నారు. అది వేరే ప్రశ్నకి జవాబు. దగ్గరి బంధువును హత్యలో పోగొట్టుకున్న ఒక సభ్యుడు ఈ తేడాను మా అందరికన్నా సూటిగా చెప్పారు: "రేపు ఇంకొకడు భయపడతాడో లేదో నాకు అనవసరం. మావాడిని చంపినవాడికి శిక్ష పడాలి, అంతే." ఆయన అడిగింది న్యాయం. భయం పేరు చెప్పి ఆయన ఎవరినీ ఒప్పించాలని చూడలేదు. మన తీర్మానంలో మాత్రం "నేరాలు అరికట్టేందుకు" అని రాసుకున్నాం. అలా రాసినప్పుడు అరికడుతుందో లేదో చూడాల్సిన బాధ్యత మనదే. ఈ రెండింటినీ విడదీసుకోవడానికి మాకు దాదాపు మూడు నెలలు పట్టింది.

చదివినవాటిలో అందరినీ కదిలించింది ఇంగ్లండ్ కథ. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ 200కి పైగా నేరాలకు మరణశిక్ష ఉండేది. దుకాణంలో 5 షిల్లింగుల సరుకు ఎత్తుకెళ్ళినా, జేబు కొట్టినా చట్టం ప్రకారం ఉరే. అదీ నలుగురూ చూస్తుండగా నడివీధిలో. ఆ జనంలో దూరి జేబులు కొట్టినవాళ్ళు కూడా ఉన్నారట! మా సమావేశంలో అందరూ నవ్వింది దీనికే. కానీ అసలు విషయం కోర్టుల్లో ఉంది. ఇంట్లో 40 షిల్లింగుల దొంగతనానికి ఉరి అని చట్టం ఉంటే, జ్యూరీలు (నిందితుడు దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందాలు) కళ్ళెదుట ఉన్న సొమ్ముకి 39 షిల్లింగులని విలువ కట్టేవి. దొంగను వదిలేయడానికి కాదు, ఆ మాత్రం దానికి మనిషిని చంపడం ఇష్టం లేక. 1830లో అక్కడి బ్యాంకర్లు పార్లమెంటుకి ఒక వినతిపత్రం ఇచ్చారు. ఫోర్జరీకి ఉరిశిక్ష తీసేయమని! సొమ్ము పోయేది వాళ్ళదే. మరి వాళ్ళెందుకు అడిగారు? ఉరి ఉందన్న కారణంగా కేసు పెట్టేవాళ్ళు వెనకాడుతున్నారు, జ్యూరీలు దోషి అనడానికి వెనకాడుతున్నాయి, చివరికి ఫోర్జరీ చేసినవాడు హాయిగా బయటికి నడిచి వెళ్తున్నాడు. శిక్ష మరీ పెద్దదైతే అది ఎవరి మీదా పడదని వాళ్ళకి అనుభవంలో తెలిసింది. ఇటలీలో బెకరియా అనే ఆలోచనాపరుడు 1764లోనే, శిక్ష ఎంత క్రూరంగా ఉందనే దానికన్నా తప్పకుండా పడుతుందా అన్నదే మనిషిని ఆపుతుందని వాదించాడు. బ్యాంకర్లు అదే మాట తమ లెక్కల పుస్తకం చూసుకుని చెప్పారు.

అలాగని భయం అసలు పనిచేయదని ఎవరూ అనుకోవద్దు. నాలుగో సమావేశంలో కొందరు ఉత్సాహంగా ఆ వైపు వెళ్ళారు, వాళ్ళని వెనక్కి లాగాల్సి వచ్చింది. 1944 సెప్టెంబరులో డెన్మార్క్‌ను ఆక్రమించిన జర్మన్లు అక్కడి పోలీసు వ్యవస్థనే రద్దు చేసి, చాలామంది పోలీసులను అరెస్టు చేశారు. తర్వాతి నెలల్లో దోపిడీలు, దొంగతనాలు బాగా పెరిగాయి. మోసం, నమ్మకద్రోహం లాంటివి మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ఎందుకంటే వాటిలో చేసింది ఎవరో బాధితుడికి ముందే తెలుసు, పట్టుకోవడానికి వీధిలో పోలీసు ఉండక్కర్లేదు. 1969 అక్టోబరు 7న కెనడాలోని మాంట్రియల్‌లో పోలీసులు సుమారు 16 గంటలు సమ్మె చేస్తే బ్యాంకులు దోచుకున్నారు, దుకాణాలు లూటీ అయ్యాయి. ఈ రెండు చోట్లా చట్టపుస్తకంలో శిక్ష ఒక్క రోజు కూడా తగ్గలేదు. పట్టుకునేవాడు లేడని జనానికి తెలిసింది, అంతే.

ఉరిశిక్ష విషయానికొస్తే, కెనడా దాన్ని 1976లో రద్దు చేసింది. అంతకు ముందు ఏడాది అక్కడ లక్ష జనాభాకి సుమారు 3 హత్యలు జరిగాయి. రద్దు తర్వాత హత్యలు పెరుగుతాయని భయపడ్డారు. పెరగకపోగా 2013 నాటికి ఆ రేటు సగానికి పడిపోయింది. రద్దు వల్లే తగ్గిందని నేను అనడం లేదు, జనాభాలో కుర్రవాళ్ళ శాతం తగ్గడం లాంటివి బోలెడు ఉంటాయి. రద్దు చేస్తే ఉపద్రవం వస్తుందన్న మాట మాత్రం నిలబడలేదు. హాంగ్‌కాంగ్, సింగపూర్‌లను పోల్చి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. మొదటి చోట 1966 తర్వాత ఎవరినీ ఉరి తీయలేదు, రెండో చోట ఉరి ఇప్పటికీ ఉంది. హత్యల రేటు మాత్రం రెండు చోట్లా దశాబ్దాల పాటు ఇంచుమించు కలిసే నడిచింది.

అవతలి పక్షం కూడా విన్నాం. 1975లో ఐజాక్ ఎర్లిక్ అనే ఆర్థికవేత్త, అమెరికాలో ఒక్కో మరణశిక్ష అమలు ఏడెనిమిది హత్యలను ఆపుతోందని లెక్క తేల్చారు. దాని మీద దశాబ్దాల పాటు వాదాలు నడిచాయి. 2012లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఇలాంటి అధ్యయనాలన్నీ ముందేసుకుని చూసి, మరణశిక్ష హత్యలను తగ్గిస్తుందో, పెంచుతుందో, ఏమీ చేయదో వీటిని బట్టి చెప్పలేమనీ, విధానాలకు వీటిని ఆధారం చేసుకోవద్దనీ తేల్చింది. భారత లా కమిషన్ 1967లో ఉరి ఉండాలంది, 2015లో ఉగ్రవాదానికి, దేశం మీద యుద్ధానికి సంబంధించిన నేరాలకు తప్ప తీసేయమంది. అంత పెద్ద సంస్థలే ఇలా ఉంటే మనం ఒక్క సాయంత్రంలో చేతులెత్తి తేల్చేయబోయాం.

అంకెల కన్నా మనుషుల మాటలే ఎక్కువ పనికొచ్చాయి. జైలు శాఖలో పనిచేసి రిటైరైన ఒక అధికారి చెప్పింది చాలామందికి గుర్తుండిపోయింది. ఆయన చూసిన హత్య కేసుల ఖైదీల్లో ఎక్కువమంది తాగి ఉన్నప్పుడో, కోపంతో ఒళ్ళు తెలియనప్పుడో చేసినవాళ్ళు. తాము చేసినదానికి ఎన్నేళ్ళు పడుతుందో వాళ్ళకి లోపలికి వచ్చాకే తెలిసింది. పథకం వేసి చేసినవాళ్ళు కూడా ఉన్నారు. "వాళ్ళు శిక్ష గురించి ఆలోచించలేదండీ, దొరకమని అనుకున్నారు. దొరకనివాడికి ఉరైనా ఒకటే, జుల్మానా అయినా ఒకటే," అన్నారు. మాతో మాట్లాడిన ఒక లాయరు గారు దీనికి రెండో సగం కలిపారు. కేసు పదేళ్ళు సాగితే సాక్షి ఊరు మారతాడు, భయపడతాడు, అమ్ముడుపోతాడు, లేదా చచ్చిపోతాడు. సాక్షులు అడ్డం తిరిగాక సెక్షన్ ఎంత పెద్దదైనా కేసు కొట్టేస్తారు. అమెరికాలో 1960లలో నూటికి 90 దాకా హత్య కేసుల్లో నిందితుడిని గుర్తించేవారు. 2022 నాటికి అది సగం చుట్టుపక్కలకి పడిపోయింది. ఈ అంకె విన్నాక హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పిల్లలపై దాడుల గురించి జరిగిన చర్చే ఈ ఏడాదిలో నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది. ఆ తీర్మానం రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు చేసినవాడు ఇంట్లోవాడో, బంధువో, బాగా తెలిసినవాడో అయి ఉంటాడు. ఫిర్యాదు చేస్తే బాబాయినో మామయ్యనో ఉరి తీస్తారని తెలిస్తే, ఆ పిల్ల నోరు నొక్కేది సొంత అమ్మానాన్నలే కావచ్చు. బ్యాంకర్ల కథే మళ్ళీ ఇంట్లో జరుగుతుంది. పైగా అత్యాచారానికీ హత్యకీ ఒకే శిక్ష అయితే, సాక్షిని ప్రాణాలతో వదలడానికి నేరస్తుడికి ఏ కారణమూ మిగలదు. ఇవి రెండూ నేను తీర్మానం రాసేటప్పుడు ఆలోచించనివి.

ఖాయంగా, వెంటనే పడే చిన్న శిక్షలే అన్నిటికీ మందు అని కూడా అనుకోలేం. 2004లో అమెరికాలోని హవాయిలో ప్రొబేషన్ మీద (జైలుకి బదులు షరతులతో, అధికారుల నిఘాలో బయట) ఉన్నవాళ్ళు నియమం తప్పిన ప్రతిసారీ వెంటనే కొద్ది రోజులు జైలు వేసే పద్ధతి పెట్టారు. మొదటి ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. తర్వాత అమెరికాలోనే వేరే నాలుగు చోట్ల అదే పద్ధతి పెట్టి చూస్తే పెద్ద తేడా కనపడలేదు.

కార్యవర్గం ప్రతిపాదన ఇది. పాత తీర్మానాన్ని ఉపసంహరించుకుని, దాని స్థానంలో వేరే వినతిపత్రం పంపుదాం. దర్యాప్తు అధికారులకు బందోబస్తు డ్యూటీలు తప్పించడం, ఫోరెన్సిక్ నివేదికలు నెలల తరబడి ఆగకుండా చూడడం, సాక్షులకు రక్షణ, ఖాళీగా ఉన్న జడ్జి పోస్టుల భర్తీ, పిల్లలు ఫిర్యాదు చేస్తే కోర్టులో పదిసార్లు అదే చెప్పించకుండా ఒక్కసారే రికార్డు చేయడం కోరదాం. వినడానికి చప్పగా ఉంటుందని తెలుసు. వీటి కోసం ఎవరూ కొవ్వొత్తులు పట్టుకుని నడవరు. ఉరి ఉండాలా వద్దా అన్నదాని మీద సంఘం ఏ అభిప్రాయమూ చెప్పదు. అది న్యాయానికి సంబంధించిన ప్రశ్న, దాని మీద మనలో ఏకాభిప్రాయం లేదు.

మిగతా పనులు: గ్రంథాలయం వారంలో ఆరు రోజులూ తెరిచే ఉంది. రక్తదాన శిబిరం ఒకటి జరిగింది, రెండోది డాక్టరు దొరక్క రద్దయింది. ఆడిట్ అయిన లెక్కలను కోశాధికారి విడిగా చదువుతారు. చందా బకాయి ఉన్నవాళ్ళు ఆయన్ని తప్పించుకు తిరగడం ఈ ఏడాది కూడా కొనసాగింది.

ప్రతిపాదనతో విభేదించిన ముగ్గురు సభ్యుల అభ్యంతరాన్ని వాళ్ళు రాసిచ్చినట్టే ఇక్కడ పెడుతున్నాను: "దొరికే అవకాశం పెరగాలన్నది మేమూ ఒప్పుకుంటాం. కానీ దొరికాక పడే శిక్ష నేరం అంత బరువుగా లేకపోతే, బాధితుల కుటుంబాలకు చట్టం మీద నమ్మకం పోతుంది. నమ్మకం పోయినవాళ్ళు సాక్ష్యం చెప్పడానికి కూడా రారు. ఈ లెక్క ఏ అధ్యయనంలోనూ కనిపించలేదు. వినతిపత్రంలో దీని గురించి ఒక్క వాక్యమైనా ఉండాలి."

ఆ వాక్యం ఎలా ఉండాలో కార్యవర్గం రెండుసార్లు కూర్చుని కూడా రాయలేకపోయింది. సర్వసభ్య సమావేశంలో ఎజెండాలో మొదటి అంశం అదే.

— కార్యదర్శి