నగర పాలక కమిషనర్ గారికి బహిరంగ లేఖ: ఆ మెట్ల దారి తెరిపించండి

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

మూడు వినతిపత్రాలకూ జవాబు రాలేదు కనుక, ఈ లేఖ అందరి ఎదుటా రాస్తున్నాను.

వసంతం రాగానే మేము కొందరం పాత పేటల సందుల్లో కాలినడకన తిరుగుతాం. వాడుకలో లేని బావి, గోడలోంచి మొలిచిన రావిచెట్టు, రాతి మీద అరిగిన అక్షరాలు: వాహనంలో వెళ్లేవారి కంటపడనివి ఇవన్నీ. వాటిని కలిపే మెట్ల దారికి రెండేళ్లుగా తాళం వేసి ఉంది. చుట్టుదారిలో కాలిబాట పలకలు విరిగిపోయాయి. ఈ కాలంలో రాలిన ఆకులు ఆ గుంతలను పూర్తిగా కప్పేస్తాయి. గత నెల మాతో వచ్చిన పెద్దావిడ అక్కడే పడ్డారు, మణికట్టు విరిగింది. ఆ పేట కథలన్నీ మాకు చెప్పింది ఆవిడే. ఇప్పుడు గడప దాటడానికి జంకుతున్నారు.

నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ స్మృతిలో 2007లో టొరంటోలో మొదలైన ఉచిత నడకలు, ఏటా మే నెల మొదట్లో ఎన్నో నగరాల్లో జరుగుతున్నాయి. వాటిని నడిపించేది సామాన్య పౌరులే. మేమూ అందుకు సిద్ధమే.

మా కోరిక స్పష్టం. 30 రోజుల్లోగా పగటివేళ ఆ తాళం తీయించండి, పలకలు మార్పించండి, మెట్ల పక్కన చేతిపట్టు కమ్మీ, కూర్చోవడానికి ఒక బల్ల వేయించండి. వీలుకాకపోతే కారణం రాతపూర్వకంగా తెలియజేయండి. ఒకసారి మాతో కలిసి ఆ దారిన నడవవలసిందిగా మిమ్మల్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాం.

ఇట్లు,
ఈ నగర పాదచారి